పట్టుకో, తిప్పు!

ఒంటిమిట్టలో పుట్టినోణ్ని, కట్టడం ఏదైనా అంత తేలిగ్గా నోరు తెరవను. 1652లో ఫ్రాన్సు నుంచి వచ్చిన టావెర్నియర్ మా కోదండరాముని గోపురం చూసి మురిసిపోయినాడని ఊరంతా చెప్పుకుంటాం. ఆ బాకీ నేను ఫ్రాన్సులోనే, అంబ్వాజ్ అనే ఊర్లో, వడ్డీతో సహా తీర్చేసినాను.

అక్కడ క్లో లుసె అని ఒక పాత బంగళా. రాజు మొదటి ఫ్రాన్స్వా పిలిస్తే లియొనార్డో డావిన్చి 1516లో వచ్చి, 1519 మే 2న కన్నుమూసేదాకా ఉన్నది అందులోనే. నాకు తెలిసిందల్లా మోనాలిసా గీసినాయన అని. కింది అంతస్తులోకి దిగితే, ఆయన కాగితం మీద గీసి వదిలేసిన యంత్రాలు! ఆ బొమ్మలు చూసి ఐబీఎం వాళ్లు చేసిన నమూనాలే ఓ 40 దాకా ఉన్నాయి.

తోటలోకి పోతే ఇంకా వింత. అక్కడివి పెద్దవి, పట్టుకుని తిప్పొచ్చు. తాబేటిచిప్ప మాదిరి యుద్ధశకటం ఉంది. ఆయన గీసినట్టే పళ్లచక్రాలు బిగిస్తే ముందు చక్రాలు ఒకవైపు, వెనకవి ఇంకోవైపు తిరుగుతాయంట! శత్రువు చేతిలో పడినా పనికిరాకుండా కావాలనే అట్లా గీసినాడని కొందరంటారు. ఎగిరే మర ముందర ఫోటోల గుంపు. అది ఎగరదులెండి, మనిషి కండబలం చాలదు. ఆయన పారాచూట్ మాత్రం పనిచేసింది. 2000లో ఏడ్రియన్ నికొలస్ అనే ఆయన అట్లాంటిదే చేయించుకుని దక్షిణాఫ్రికాలో దూకినాడు. బరువు మీద పడుతుందని చివర్లో దాన్ని వదిలేసి, మామూలుది విప్పుకున్నాడనుకోండి.

నన్ను కట్టేసింది నీళ్ల మర. వాలుగా పెట్టిన ఇరుసుకు మెలికలు, అడుగుకొస నీళ్లలో. తిప్పేకొద్దీ నీళ్లు మెలిక మెలికా ఎక్కి పైన పడతాయి. ఊహ ఆర్కిమెడిస్ పేరు మీదిదే, లియొనార్డో దాన్ని మళ్లీ మళ్లీ గీసుకున్నాడు. బావి నీళ్లు తోడను ఎద్దులతో కపిల తోలిన సీమ మనిషికి ఇంతకంటే ఏం కావాలి? ఎద్దులు లేవు, బాన లేదు, మోకు లేదు! ఒక్కటే చిక్కు, ఇది నాలుగు బారల పైకి నీళ్లు తేవడమే గగనం. మా బావుల లోతుకు కపిలే మొనగాడు. అయినా నా వెనక వంతు కోసం నిలబడిన పిల్లోళ్లు విసుక్కునేదాకా తిప్పుతూనే ఉన్నా.

పోతే పొద్దున్నే పోండి. బంగళా గదులు గబగబా చూసేసి తోటలో పడండి. అన్నట్టు, తిరుగుడు వంతెన సంగతి చెప్పనేలేదు! ఒక గట్టున గుంజ, దాని చుట్టూ వంతెనకు వంతెనే పక్కకు తిరిగి పడవకు దారిస్తుంది!