ద్వీపమా? నగరమా?

చేతిలో నాలుగే రోజులు! 'మమ్మా మియా' (2008) చూసినప్పట్నుంచీ నా మనసంతా గ్రీసులోని స్కోపెలోస్ ద్వీపం మీదే. కొండమీది ఆ పెళ్లి గుడి చూడాలని ఆశ. తీరా విచారిస్తే, అక్కడ విమానాశ్రయమే లేదు, ఓడెక్కాల్సిందే. రానూ పోనూ రెండు రోజులు హుళక్కి! పైగా గుడి లోపలి దృశ్యాలు తీసింది ఇంగ్లాండు స్టూడియోలోనట. మనసు చంపుకుని ఏథెన్స్‌లోనే ఉండిపోయాను.

ఆ రాత్రి 'థిసియో' అనే ఆరుబయలు సినిమాహాలుకి వెళ్లాను. 1935 నాటిది. తెరమీద బొమ్మ, కింద గ్రీకు అక్షరాలు, మధ్యలో మనకిమల్లే ఇంటర్వెల్! తల తిప్పితే దీపాల వెలుగులో అక్రోపొలిస్ కొండ. మా ఊరి టూరింగ్ టాకీసులో నేలమీద కూర్చున్న రాత్రులు గుర్తొచ్చాయి.

వారం సెలవుంటే ద్వీపానికి వెళ్లండి. నాలుగు రోజులేనా? వేసవిలో ఏథెన్స్‌లో దిగండి!