మూత తీసే విద్య

పాత వస్తువును బాగుచేయడం కష్టమని అందరూ అంటారు. నన్నడిగితే దాన్ని తెరవడమే అసలు కష్టం. రిపేరులో పాడైన రేడియోలకంటే, మూత తీయడంలో పాడైనవే ఎక్కువ ఉంటాయని నా గట్టి అనుమానం. పెళ్ళినాటి పట్టుచీర మడత విప్పేటప్పుడు జరీ పక్కన గుడ్డ ఎలా చిట్లిపోతుందో మనకు తెలియనిదా? అరవై ఏళ్ళు దాటిన రేడియో పెట్టె కూడా అంతే. తొందరపడి గుంజామా, ఇక దాన్ని అతికేవాడుండడు.

ఇంతకీ మా అత్తగారి మర్ఫీ గురించి చెప్పాలి. బొద్దుగా ఉండే పాపాయి పెదవుల దగ్గర వేలు పెట్టుకుని ప్రకటనల్లో కనిపించేది చూడండి, ఆ మర్ఫీయే. మామగారు 1962లో కొన్నారట. తెల్లవారితే విజయవాడ కేంద్రం భక్తిరంజని. ఆ రోజుల్లో ఇంట్లో రేడియో ఉంటే ఏటా పోస్టాఫీసుకు వెళ్ళి లైసెన్సు కట్టాలి. 1980లలో ఆ పద్ధతి పోయింది గానీ, ఆ లైసెన్సు పుస్తకం మాత్రం అత్తగారి ట్రంకుపెట్టెలో భద్రంగా ఉంది. మామగారు పోయిన ఏడే రేడియో కూడా మూగనోము పట్టింది. ఇరవై ఏళ్ళుగా దాని మీద కుట్టుపని గుడ్డా, గుడ్డ మీద పూలకూజా.

ఇప్పుడు ఆవిడకు ఎనభై ఆరు. చూపు దాదాపు పోయింది. టీవీలో బొమ్మలు మసక, పుస్తకమైతే లేనే లేదు. మొన్న ఉగాది నాడు ఉన్నట్టుండి, "అదొక్కసారి పలికితే వినాలని ఉందే అమ్మాయీ" అన్నారు. ఏదీ నోరు తెరిచి అడిగే మనిషి కాదు. అడిగాక ఊరుకోవడం ఎలా?

మావాడికి హైటెక్ సిటీలో ఉద్యోగం. వాడు వెంటనే, "నానమ్మా, లోపలున్నదంతా తీసి పారేసి బ్లూటూత్ బోర్డు పెట్టిస్తా. ఏ పాట కావాలంటే ఆ పాట" అన్నాడు. పిల్లాడి మనసు మంచిదే. ఆవిడ కాసేపు ఆలోచించి, "అది నీ ఫోను గొంతవుతుంది గానీ, దీని గొంతెలా అవుతుందిరా?" అన్నారు. వాడి దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు.

మా బోరబండలో రైలెక్కితే తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ. అక్కడ అద్దాల మేడలు, ఇక్కడ మిక్సీలూ కుట్టుమిషన్లూ బాగుచేసే చిన్న చిన్న గదులు. ఈ పక్కనే ఎర్రగడ్డలో ఆదివారం సంత. అక్కడ పాత రేడియోలను చూస్తే నాకు గుండె తరుక్కుపోతుంది. నాబులు లేక కొన్ని, వెనక అట్ట చీలిపోయి కొన్ని. ఏ స్క్రూడ్రైవరు పోటుకు చిరిగిందో గానీ, స్పీకరు కాగితం వేలాడుతూ మరికొన్ని. వాటిలో చాలా వరకు కాలం చేతిలో పాడైనవి కావు.

వాకబు చేయగా చేయగా ఒక ముసలి మెకానిక్ దొరికాడు. ఇంటికే వచ్చాడు. వచ్చి, పెట్టెను వెనక్కి తిప్పించి, పావుగంట సేపు ఊరికే చూస్తూ కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది. మావాడు అసహనంగా గడియారం చూసుకుంటుంటే, "జర ఆగు బిడ్డా, ముందుగాల సూడాలె. చెయ్యి ఎన్కనే పెట్టాలె" అన్నాడు.

ప్లగ్గు పీకినంత మాత్రాన కరెంటు పోయినట్టు కాదట. లోపలి కండెన్సర్లలో 200 వోల్టుల దాకా నిలవ ఉండిపోవచ్చు. ఏళ్ళ తరబడి వాడని సెట్టులో ఉండదు గానీ, నిన్న మొన్నటిదాకా పాడినదైతే జాగ్రత్త. రెసిస్టరు తగిలించి దాన్ని దింపేశాకే చెయ్యి పెట్టాలి. ఇంకో సంగతి నన్ను హడలగొట్టింది. ఒక్కో నాబు పక్కన చిటికెడు మైనం ఉంది. మురికేమో గోకేద్దామన్నాడు మావాడు. "వద్దు, అది కావలోడు" అన్నాడాయన. కొన్ని ఊళ్ళలో డి.సి. కరెంటు ఉన్న కాలంలో రెండు రకాలకూ పనికొచ్చేలా చేసిన సెట్లున్నాయి. వాటిలో రేకు చాసీకి కరెంటు తీగ నేరుగా తగులుతుంది. నాబును పట్టి ఉంచే చిన్న మర ఆ చాసీ కడ్డీకి ఆనుకుని ఉంటుంది. మన వేలు ఆ మరకు తగలకుండా మైనంతో మూసేవారు. పని కాగానే మళ్ళీ మైనం పెట్టకపోతే, పాట కోసం తిప్పిన నాబే షాకు కొడుతుంది.

మరలు పెట్టడానికి గిన్నె అడిగితే నేను ఇడ్లీ పళ్ళెం ఇచ్చాను. వెనక అట్టవి ఒక గుంటలో, నాబులవి ఒక గుంటలో, పెట్టె అడుగున చాసీని పట్టుకునే పెద్ద మరలు నాలుగూ ఇంకో గుంటలో. ఆయనకెంత నచ్చిందంటే, వెళ్ళేటప్పుడు అలాంటిది ఎక్కడ దొరుకుతుందని అడిగాడు.

అడుగు మరలు విప్పేటప్పుడు రెండో చెయ్యి చాసీ కింద ఉండాలి. స్పీకరు మాత్రం పెట్టెకే బిగించి ఉంటుంది కాబట్టి, దాని తీగలు చూసుకోకుండా లాగితే పుటుక్కున తెగుతాయి. ముల్లును నడిపే సన్నటి దారం ఏ చక్రం మీదుగా ఎన్ని చుట్లు తిరిగిందో మావాడు ఫోనులో ఫొటో తీశాడు. వాడి ఫోను అందుకు పనికొచ్చింది. వాల్వులను తిప్పకుండా నిటారుగా పైకి తీయాలి. గాజు మీది నంబరును గుడ్డతో తుడవకూడదు, చెరిగిపోతుంది. నంబరు పోయిన వాల్వు పేరు లేని బిడ్డే. మెత్తని కుంచెతో దుమ్ము దులపాలంతే. మా బంధువులావిడ ఒకరు పండగ శుభ్రంలో డయలు అద్దాన్ని లోపలివైపు తడిగుడ్డతో తుడిచారు. ఢిల్లీ, బొంబాయి, సిలోను మూడూ గుడ్డకు అంటుకుని వచ్చేశాయి!

ఎండిపోయిన కండెన్సర్లకు బదులు కొత్తవి కోఠీ గుజరాతీ గల్లీలో దొరికాయి. వాటిని పాత డబ్బాల లోపలే అమర్చాడు. పైకి చూస్తే ఏ మార్పూ లేదు. తర్వాత ప్లగ్గు నేరుగా పెట్టలేదు. దారిలో ఒక 60 వాట్ల బల్బు కట్టాడు. లోపల ఎక్కడన్నా తప్పు కలిసి ఉంటే బల్బు భగ్గున వెలిగి, రేడియోను కాలనివ్వదట. అది గుడ్డిగా మిణుకుమంది. అందరం దాన్నే చూస్తున్నాం, చూపు లేని అత్తగారు తప్ప.

అర నిమిషం గడిచింది. ముందు గుయ్యిమంది. తర్వాత మీడియం వేవులో ఎవరిదో మగగొంతు, ఆకాశవాణి.

అత్తగారు ఏమీ అనలేదు. చెయ్యి చాచి, తడుముకోకుండానే కుడివైపు నాబు అందుకుని, కొంచెం ఎడమకు తిప్పారు. "ఆయనకు ఇంత కీచుగా ఉంటే నచ్చదు" అన్నారు.

నాబుల పక్కన కొత్త మైనం అద్దాక, వెనక అట్ట బిగించబోతూ మెకానిక్ నన్ను పెన్సిలు అడిగాడు. అట్ట లోపలివైపు ఎవరో పాత మెకానిక్ రాసి ఉన్నాడు: 1978, ఒక వాల్వు మార్చబడినది. దాని కింద ఈయన ఆ రోజు తేదీ వేసి, ఏయే కండెన్సర్లు మార్చాడో వరసగా రాశాడు.

"తరువాత తెరిచేటోనికి తెలవాలె గదమ్మా" అన్నాడు, మొదటి మర బిగిస్తూ.