రాత్రి రెండింటికి

అగనంపూడి హోమీ భాభా ఆస్పత్రిలో డాక్టరుగారు, “ఇక నొప్పి తెలియకుండా చూసుకోవడమే మీ అమ్మగారికి వైద్యం” అన్నారు. అలా చూసే చోటొకటి విశాఖలోనే ఉందంటే వెళ్లాను. గచ్చు అద్దంలా మెరుస్తోంది. మేనేజరుగారు గదుల అద్దెలు ఏకరువు పెడుతున్నారు. పద్యానికి గణాలు కట్టడం వచ్చుగాని, ఇలాంటివాటికి మార్కులు వెయ్యడం నాకేం తెలుసు? తలూపాను.

వెంటవచ్చిన మా పిన్ని, పాతికేళ్లు నర్సుగా చేసిన మనిషి, “మార్ఫిను ఉందా బాబూ? రాత్రి రెండింటికి నొప్పొస్తే ఎవరు లేస్తారు?” అంది. ఆయన నీళ్లు నమిలారు. 2014లో చట్టం సవరించి ఆ మందుకి అనుమతులు సులువు చేశారు; తెచ్చుకునే ఓపికుండాలిగా!

రెండోచోటికి అమ్మనీ తీసుకెళ్లాం. గోడలకి సున్నం రాలుతోంది. పిన్ని అడగ్గానే నర్సు మార్ఫిను లెక్కల పుస్తకం చూపించింది. తర్వాత అమ్మ పక్కన కూర్చుని, “రాత్రి నిద్రపట్టిందా అమ్మా?” అంది.

పిన్ని సంచీ కింద పెట్టింది.