నేపథ్యమునకు వినికిడి

రెండేండ్ల క్రిందట పాకాలలో మావారు పనిచేయు పాఠశాల వార్షికోత్సవమునందు శాకుంతల కథను కుదించి బాలికలచే నాడించిరి. శకుంతల పర్ణశాలయందు భర్తను దలంచుచు మైమఱచి యుండును. చెలులు పూలు కోయుచుందురు. అప్పుడు దుర్వాసుని శాపము తెరలోపలినుండి వినబడవలెను. ఆనాడు శాపము రాలేదు. అనసూయా ప్రియంవదలు కోసిన పూలనే మఱల కోసిరి. సభలో నవ్వులు పుట్టినవి. శాపము లేనిదే రాజునకు మఱపు లేదు. మఱపు లేనిదే కథయే లేదు. ఎవరో పరుగున పోయి దుర్వాసుని పిలుచుకొని వచ్చుసరికి రసము చెడినది.

ఆ దుర్వాసుడు ఎనిమిదవ తరగతి చదువు బాలిక. నాటకము ముగిసిన వెంటనే గడ్డమైనను తీయక నాయొద్దకు వచ్చి, “అయ్యవారమ్మా, నాకు వినపడలేదు” అని వెక్కి వెక్కి యేడ్చినది. మూడు నెలలు వల్లించిన మాటలు! అందఱును తప్పు దానిదే యనిరి. “ఇంకెప్పుడూ దీన్ని ఆటలకు పంపను” అని మరునాడు దాని తల్లి తెగవేసి చెప్పినది.

నాకు మనసూరకుండక, మఱియొక దినమున ఆ వేషగదిలో కూర్చుండి, వేదికపై నొక బాలికచే మైకులో చదివించి వింటిని. గుయ్యిమను మ్రోత తప్ప నొక్క మాటయు తెలియలేదు. కారణము తరువాత తెలిసినది. స్పీకర్లు ప్రేక్షకులవైపు తిరిగి యుండును. మాటకు స్పష్టత నిచ్చు హల్లుల ధ్వని సన్ననిది. అది స్పీకరు మొగము తిరిగిన దిక్కునకే సాగును. బరువైన ధ్వనియో నలుదిక్కుల వ్యాపించును. కావున వెనుకనున్నవారికి చప్పుడు మిగులును గాని మాట మిగులదు. బాలిక చెప్పినది సత్యము.

భరతముని నాట్యశాస్త్రమున మధ్యమ ప్రేక్షాగృహమునకు 64 హస్తముల పొడవును, 32 హస్తముల వెడల్పును విధించి, అంతకు మించినచో మాట స్పష్టముగా వినబడదని కారణము చెప్పెను. నేపథ్యగృహమును రంగమునకు వెంటనే వెనుకనుంచి రెండు ద్వారములు పెట్టించెను. మా జిల్లాలోని భారత ఉత్సవములందు వీధినాటకము లాడువారికిని ఈ చిక్కు లేదు. ఇద్దఱు పట్టుకొనిన తెర వెనుకనే నటుడు నిలుచును. మా పాఠశాలలోనో, వేషగది వరండా కావల నలువది యడుగుల దూరముననున్న తరగతి గది. నేపథ్యమునుండి రంగమునకు మాట పంపుట మన పూర్వులెఱుగుదురు. దానికి చూలిక యని పేరును పెట్టిరి. మాకు కావలసినది రంగమునుండి నేపథ్యమునకు మాట పంపుట.

ఇదియు క్రొత్త విద్య కాదు. 1881వ సంవత్సరమున పారిస్ నగరపు విద్యుత్ప్రదర్శనమునందు క్లెమాఁ ఆదేర్ అను నతడు ఒపెరా రంగస్థలమున ధ్వనిగ్రాహకముల నమర్చి, దూరముననున్న ప్రదర్శనశాలలోని వారికి టెలిఫోనుద్వారా పాట వినిపించెను.

పూర్వవిద్యార్థులిచ్చిన చందాలలో కొంత యీ పనికి కేటాయింపగా, ఏర్పాటు నాకప్పగించిరి. సభలోని మైకుల యంత్రమునుండియే యొక తీగ లాగిన చాలదా యని కొందఱనిరి. మా సభకు మైకులు అద్దెకు వచ్చును. నడుపువాడు ఏటేట మాఱును. అతడు సభలో ధ్వని తగ్గించినచో, తీగ తీసిన చోటునుబట్టి వేషగదిలోను తగ్గిపోవచ్చును. మఱియొక యువకుడు బ్లూటూత్ స్పీకరు చాలుననెను. దానిలో మాట సెకనులో పదవవంతో, అంతకెక్కువో ఆలస్యముగా వచ్చుట కలదు. గదిలో కూర్చున్నవారికి అది బాధింపదు గాని, తెరప్రక్కన నిలిచి తాళము వేయువారికి రెండు పాటలు వినబడినట్లుండును. పైగా గోడలు దాటునప్పుడు తెగిపోవును. కావున తీగలతోడి స్వతంత్రమైన చిన్న మిక్సరే మేలని నిశ్చయించితిమి. మిక్సరనగా పలుచోట్లనుండి వచ్చు ధ్వనులను తగుపాళ్లలో కలుపు పెట్టె. మాకు కలుపవలసినవి మూడే: వేదికపై వ్రేలాడు మైకు, హార్మోనియము ప్రక్కనుండు మైకు, పాత్రలను పిలుచుటకు నిర్వాహకుని మైకు.

మావారును నేనును తిరుపతిలోని యొక యంగడికి పోతిమి. అంగడివాడు మొదట దీపములు మెఱయు పెద్ద బల్లవంటి మిక్సరును చూపెను. పెండ్లికి వచ్చిన పట్టుచీరవలె దానినుండి చూపు మరల్చుట కష్టమాయెను. కాని దానిని నిలుపుటకు మాకు చోటును లేదు, ఆ మీటలను కాచుటకు మనిషియు లేడు. ర్యాకులో బిగించు చిన్నవి కావలయునంటిని. ర్యాకు వెడల్పు ఎచ్చటనైనను 19 అంగుళములే. ఎత్తునకు ఒక్కొక్క యంతరము 44.45 మిల్లీమీటర్లు. ఒక్క యంతరములో నిముడు మిక్సరు మన గోడ బీరువాలో నొక అరకైనను చాలదు. అతడు పదునాఱు ద్వారములున్న యొకదానిని తెచ్చి, చౌకయని పొగడెను. “మైకు నేరుగా పెట్టవచ్చునా?” యని యడిగితిని. పెట్టరాదనెను. మైకునుండి వచ్చు విద్యుత్తు వోల్టులో కొన్ని వేయవవంతులు మాత్రమే. పాటలు వినిపించు యంత్రములనుండి వచ్చునది ఇంచుమించు ఒక వోల్టువఱకు నుండును. మైకు ధ్వనిని ముందుగా పెంచు భాగము మిక్సరులో లేనియెడల పదునాఱు ద్వారములును మాకు గోడలే.

తుదకు నాలుగు మైకు ద్వారములు గలదానిని కొంటిమి. పైనుండి వ్రేలాడదీయు కండెన్సరు మైకునకు వలసిన 48 వోల్టులు అదియే యిచ్చును. మూడు ముల్లుల తీగలు పట్టును. ఆ తీగలో ధ్వని రెండు దారములమీద ఎదురుబొదురుగా నడచును. దారిలో తగిలిన మ్రోత రెండింటను సమానముగా నుండుటచే చివర తీసివేతలో పోవును. నిర్వాహకుడు పిలిచినపుడు తక్కిన ధ్వనులు తమంతట తగ్గును. గాలిమర లేనందున తెరప్రక్కన చప్పుడు చేయదు.

మిక్సరు తానై స్పీకరును మ్రోగింపలేదు. ఆంప్లిఫైయరు వేఱుగా వలయును. 100 వోల్టుల లైను గల ఆంప్లిఫైయరు పాఠశాలలో ముందే యుండెను. దానికి ట్రాన్స్‌ఫార్మరు గల స్పీకర్లను, యంత్రపు శక్తికి మించకుండ, ఒకే తీగమీద వరుసగా తగిలింపవచ్చును. దేని మీట దానికే.

మొదటి దినమున రెండు చిక్కులు వచ్చినవి. వేషగది తలుపు తెఱచి యుండగా స్పీకరు ధ్వని వేదిక మైకును చేరి కూతపెట్టినది. స్పీకరును గోడవైపు మార్చి ధ్వని తగ్గింపగా నిలిచినది. పిమ్మట ఎడతెగని మ్రోత. యంత్రములు రెండును వేర్వేఱు ప్లగ్గులకు తగిలించియుండుటచే భూమితీగలమీదుగా పుట్టిన మ్రోత యది. ఒకడు ప్లగ్గులోని భూమిముల్లును విఱచెదననగా నేను పట్టుకొని యాపితిని. అది ప్రాణములను కాచు ముల్లు. ఇంటిలోనైనను దానిని తీయరాదు. రెండింటిని ఒకే ప్లగ్గుపెట్టెకు తగిలింపగా మ్రోత పోయినది.

ఆ బాలిక తల్లిని పిలిపించి వేషగదిలో కూర్చుండబెట్టి, వేదికపై కూతురు చదువుచుండగా వినిపించితిని. ఆమె స్పీకరువంక చాలసేపు చూచి, “అయితే ఆ పొద్దు దీని తప్పు లేదన్నమాట” అనినది. గడచిన వార్షికోత్సవమున శాపము తన క్షణమునకే వచ్చినది. సభ యులికిపడినది.

ఒక స్పీకరు మిగిలినది. దానిని ఎచ్చట పెట్టుదమని మావారడిగిరి. ఉత్సవదినమున భోజనములు వండు రేకుల పందిరిలో పెట్టింపుడంటిని. అచ్చట వండు స్త్రీలు ఇరువదేండ్లుగా మా నాటకముల చప్పట్లను మాత్రమే వినినవారు. ఆనాడు శాపము వినబడినపుడు వారిలో నొకతె గంటె పట్టుకొని నిలిచిపోయెనట. సాంబారు కొంచెము అడుగంటినది. ఎవరును ఏమియు ననలేదు.