తలుపు వెనుక కఱ్ఱ

కోలారు బంగారు గనుల ప్రాంతమున కార్మికులకై కట్టిన వరుస యిండ్లలో మా యిల్లొకటి. 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడిన పిమ్మట మా పెద్దలలో పలువురు తెల్లవారకమునుపే రైలెక్కి పనికై బెంగుళూరికి పోవుచున్నారు. ఇంట మిగులువారు ముసలివారును, పిల్లలును. అందుచేత మా తలుపు వెనుక వెదురుకఱ్ఱ యొకటి యుండును. దాని నెంతవరకు వాడవచ్చును?

2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత, 34 మొదలు 44 వరకు గల సెక్షన్లలో దీనికి సమాధానము చెప్పుచున్నది. 1860 నాటి శిక్షాస్మృతి నియమములే దాదాపుగా నిందున్నవి. రాత్రివేళ ఇల్లు పగులగొట్టి చొరబడిన వానిని ఎదిరించునపుడు, గత్యంతరము లేనిచో, వాని ప్రాణము పోయినను నేరము కాదు. ప్రాణభయము కలిగింపని పగటిదొంగ విషయమున అంతటి హక్కు లేదు. ఎప్పుడైనను అవసరమునకు మించిన దెబ్బ కూడదు; పోలీసుల నాశ్రయించుటకు వ్యవధి యున్నచో ఆ హక్కే లేదు.

బంగారముతో బ్రతికిన యూరు మాది. ఐనను, ఆపదలో నున్నవాడు కొట్టిన దెబ్బను బంగారు త్రాసులో తూచరాదని సుప్రీంకోర్టు తీర్పులు చెప్పుచున్నవి. ఆ దయ భయపడిన వానికే గాని పగబట్టిన వానికి గాదు. చేజిక్కిన దొంగను స్తంభమునకు గట్టి కొట్టుటను కొందఱు శౌర్యముగా చెప్పుకొందురు. చట్టము దృష్టిలో అది ఆత్మరక్షణ కాదు, నేరము. పట్టుబడిన వానిని ఆలస్యము చేయక పోలీసుల కప్పగించుట మన విధి. శిక్షించుట న్యాయస్థానము పని.