కోనేటి మెట్ల ఉంగరం

మా అబ్బాయి నిశ్చితార్థం మొన్న మాఘమాసంలో అయింది. చీరల దగ్గర, పిండివంటల దగ్గర, పిలుపుల దగ్గర నాకు ఏ ఇబ్బందీ రాలేదు. అమ్మాయి వేలికి పెట్టే ఉంగరం ఒక్కటే నన్ను మూడు వారాలు సరిగ్గా నిద్రపోనివ్వలేదు. ఆ సంగతే ఇవాళ మీతో చెప్పుకుందామని.

కాబోయే కోడలికి ఏం ఇష్టమో వాడే కనుక్కుని వచ్చి ఫోన్లో ఫొటో చూపించాడు. "అందరూ పెట్టుకునే గుండ్రటి రాయి వద్దంటోందమ్మా. పాతకాలం ఉంగరాల్లో ఉండేది కావాలట. స్టెప్ కట్ అంటారు" అన్నాడు.

పొడవాటి పలక లాంటి రాయి. నాలుగు మూలలూ కొంచెం చెక్కేసి ఉన్నాయి. పైన వెడల్పాటి పలక, దాని చుట్టూ మెట్లు మెట్లుగా లోపలికి దిగుతున్న గీతలు. నాకు మా పుట్టింటి ఊళ్లో గుడి కోనేరు గుర్తొచ్చింది. గట్టు మీద నిలబడి తొంగిచూస్తే నీళ్ల అడుగున ఉన్న మెట్టు కూడా కనపడుతుందే, అచ్చం అలాగే ఉంది.

షాపుకి వెళ్లాక తెలిసింది, పొడుగ్గా ఉంటే దాన్ని ఎమరాల్డ్ కట్ అంటారట, చదరంగా ఉంటే ఆషర్ కట్. ఆమ్‌స్టర్‌డామ్‌లో జోసెఫ్ ఆషర్ అనే ఆయన 1902లో చెక్కిన పద్ధతి అది. 1920ల నాటి ఉంగరాల్లో ఇలాంటి రాళ్లకు మహా మోజు ఉండేది.

కౌంటర్లో అబ్బాయి గుండ్రటి రాయినీ, మెట్ల రాయినీ పక్కపక్కన పెట్టి చూపించాడు. గుండ్రటిది కదిపితే చాలు, చిటపటా మెరుస్తోంది. మెట్ల రాయి అలా కాదు. ఒక పలక వెలిగి, అది ఆరి, పక్క పలక వెలుగుతోంది. నిదానంగా, పెద్దమనిషి తరహాలో. "దీంతో ఒక చిక్కుందమ్మా. గుండ్రటి రాయిలో చిన్న మచ్చ ఉన్నా ఆ తళుకుల్లో కలిసిపోతుంది. ఇందులో దాగదు. కాస్త పసుపు రంగున్నా తెలిసిపోతుంది. అందుకని దీనికి క్లారిటీ, కలర్ రెండూ మంచివి తీసుకోవాలి" అన్నాడు.

ధర అడిగాం. వంద సెంట్లు, అంటే ఒక క్యారెట్ రాయి, ఆయన చెప్పిన నాణ్యతలో నాలుగు లక్షలు దాటింది. మేం అనుకున్నది లక్ష. మావారు మంచినీళ్లు అడిగారు.

అప్పుడు ఆ అబ్బాయే ఇంకో ట్రే తీశాడు. అవే మెట్లు, అదే నీటి రంగు. "ఇవి ల్యాబ్ గ్రోన్ అమ్మా. ఉంగరం మొత్తం బంగారంతో కలిపి మీరు అనుకున్నదాంట్లో వచ్చేస్తుంది" అన్నాడు.

ల్యాబ్ అనగానే నేను గాజురాయి అనుకున్నాను. కాదట. చిన్న వజ్రపు పలకను విత్తనంలా ఒక గదిలో పెట్టి, మీథేన్, హైడ్రోజన్ వాయువులు పంపి విపరీతంగా వేడి చేస్తే, అందులోని కార్బన్ పొరలు పొరలుగా ఆ పలక మీద పేరుకుంటుంది. కొన్ని వారాల్లో వజ్రం తయారు. మన సూరత్‌లోనే బోలెడు తయారవుతున్నాయి. 2023లో మన ప్రధాని అమెరికా వెళ్లినప్పుడు అధ్యక్షుడి భార్యకు బహుమతిగా ఇచ్చిన ఏడున్నర క్యారెట్ల వజ్రం కూడా ఇలాంటిదే. గట్టిదనం, బరువు, మెరుపు అన్నీ గని వజ్రంతో సమానం. కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. షాపుల్లో ఆనించి చూసే మామూలు టెస్టర్ కూడా దీన్ని వజ్రమనే అంటుంది.

ఇంకో మాట విని నాకు సరదా వేసింది. మన గోల్కొండ వజ్రాలకు అంత పేరెందుకంటే వాటిలో చాలావాటికి నైట్రోజన్ దాదాపు ఉండదు, అందుకే నీళ్లంత తేటగా ఉంటాయి. ఈ వాయువులతో పెంచిన రాళ్లూ ఎక్కువగా ఆ రకానివేనట. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికినవాటి గుణం, ఇప్పుడు సూరత్ యంత్రంలో.

రాయి ఎంచుకుని, అడ్వాన్సు ఇచ్చి ఇంటికొచ్చాం. అసలు కథ అక్కడ మొదలైంది.

మా వదిన, అంటే మావారి అక్కయ్య, ఫోన్లో అంతా విని, "మంచి పని చేశావ్. కానీ వియ్యాలవారికి చెప్పకు. వాళ్లేమన్నా భూతద్దం పెట్టి చూస్తారా? వజ్రం అంటే వజ్రమే" అంది. నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకూ నచ్చింది. అడిగితే కదా చెప్పడం! చెప్పకపోవడం అబద్ధం ఎలా అవుతుంది? ఇలా నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను.

కానీ నిద్ర పట్టేది కాదు. ఎందుకంటే నా బీరువాలో ఒక ఉంగరం ఉంది.

మా పెళ్లి 1997లో. అత్తవారిది కోనసీమ. పెళ్లిలో నాకు ఒంటిరాయి ఉంగరం పెట్టారు, రవ్వ అన్నారు. పద్దెనిమిదేళ్లు మురిసిపోయి పెట్టుకున్నాను. 2015లో మావాడి ఇంజనీరింగ్ ఫీజుకి డబ్బు తక్కువై, ఎవరికీ చెప్పకుండా అది అమ్ముదామని తీసుకెళ్లాను. షాపాయన అద్దం పెట్టి చూసి, "బంగారం వరకే లెక్క కడతానమ్మా. రాయి అమెరికన్ డైమండ్" అన్నాడు. ఆ కుర్చీలోంచి లేచి రోడ్డు మీదికి ఎలా వచ్చానో నాకు తెలియదు. ఆఖరికి గాజులు అమ్మి ఫీజు కట్టాను. ఉంగరం సంగతి మావారికి కూడా చెప్పలేదు. రాయి పోయిందని కాదు. నన్ను పిచ్చిదాన్ని చేశారని. ఆ తర్వాత అత్తయ్యగారు ఎంత ప్రేమగా మాట్లాడినా, మనసులో ఒక మూల ఆ రాయే గుచ్చుకునేది.

నిశ్చితార్థానికి పది రోజుల ముందు ఉంగరం వచ్చింది. ఎనభై రెండేళ్ల అత్తయ్యగారు కిటికీ దగ్గర కూర్చుని, దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఎంత పెట్టారే?" అన్నారు. ల్యాబ్ అంటే ఏమిటో, ఎందుకు తీసుకున్నామో అంతా చెప్పాను. వదిన ఎవరికీ చెప్పొద్దన్న సంగతీ చెప్పాను.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అమ్మాయీ, నీ ఉంగరంలో రాయి రవ్వ కాదే" అన్నారు.

నేను గోడకి చేరబడ్డాను.

"తొంభై ఆరు నవంబరు తుఫానులో తోటంతా పడిపోయింది. నిలబడ్డ చెట్లు పాతిక కూడా లేవు. మళ్లీ మొక్క నాటితే దింపు తీయడానికి ఏళ్లు పడుతుంది. మీ మావయ్యగారు రవ్వ పెడతామని ముందే మాట ఇచ్చేశారు. మాట పోతుందని అలా చేశారు. చేతికొచ్చాక మార్పిద్దాం అన్నారు. చెయ్యి రాకుండానే ఆయన వెళ్లిపోయారు. నీ చేతికి అది చూసినప్పుడల్లా నాకు ముద్ద దిగేది కాదు."

"నాకు తెలుసు అత్తయ్యా. పదేళ్లయింది" అన్నాను.

ఇద్దరం ఏడ్చాం. తుఫాను గురించి అప్పుడే చెప్పి ఉంటే గాజురాయి పెట్టినా కళ్లకద్దుకునేదాన్ని కదా అనిపించింది. ఆవిడ కళ్లు తుడుచుకుని, "ఆ పిల్లకి మాత్రం అలా చెయ్యకు" అన్నారు.

మర్నాడే వియ్యపురాలికి ఫోన్ చేశాను. "వదినగారూ, ఉంగరం ల్యాబ్‌లో పెంచిన వజ్రం. వజ్రమే, కానీ గనిది కాదు. రేపు అమ్మితే రాయికి పెద్దగా ఏమీ రాదు, బంగారానికే విలువ. సర్టిఫికెట్ ఉంది. మీకు తెలియాలని చెబుతున్నాను" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. "మావాళ్లు అడిగితే ఏం చెప్పమంటారు?" అన్నారు. "ఉన్నదే చెప్పండి" అన్నాను. "సరే వదినగారూ" అన్నారు గానీ, ఆ గొంతులో కాస్త వెలితి వినపడింది. అబద్ధం ఆడను, నాకు బాధేసింది.

సాయంత్రం అమ్మాయే ఫోన్ చేసింది. "ఆంటీ, అమ్మ చెప్పింది. మెట్లు మెట్లుగా లోపలిదాకా కనపడుతుందనే ఆ రాయి అడిగాను. మీరు కూడా అలాగే చెప్పేశారు" అని నవ్వింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

తాంబూలాల రోజున సర్టిఫికెట్ కూడా ఉంగరం పెట్టెలోనే పెట్టి ఇచ్చాం. వాళ్ల పిన్నిగారు "ఓహో, ఫ్యాక్టరీదా!" అన్నారు. అననీండి.

మీలో ఎవరైనా ఇలాంటిది కొంటుంటే, నాకు తెలిసిన నాలుగు మాటలు. రాయిని షాపు లైట్ల కింద కాదు, పగటి వెలుతురులో తెల్లకాగితం మీద పెట్టి చూడండి. మెట్ల రాయిలో మచ్చ పలక మధ్యలో లేకుండా చూసుకోండి. మూలలు గట్టిగా పట్టేలా కొక్కేలు ఉండాలి. సర్టిఫికెట్ మీద ల్యాబ్ గ్రోన్ అని రాసి ఉండాలి, అందులోని నంబరు రాయి అంచు మీద సన్నగా చెక్కి ఉందో లేదో అద్దంలో చూపించమనండి. బంగారానికి హాల్‌మార్క్ నంబరు అడగండి. దాన్ని ఆస్తి అనుకుని కొనకండి, ముచ్చటకి కొనుక్కోండి.

ఇక నా పాత ఉంగరం. బీరువాలోంచి తీసి మళ్లీ పెట్టుకున్నాను. రాయి మార్పిస్తానని మావారు అంటే వద్దన్నాను. అత్తయ్యగారు నా చెయ్యి చూసి ఇప్పుడు తల తిప్పుకోవడం లేదు. నాకు అది చాలు.