మడిచే లోహపు కప్పు గురించి ఒక మాట

చిన్న ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కారంటే ఆదివారం సరదా అని కొట్టిపారేస్తుంటారు. 1996లో వచ్చిన మెర్సిడెస్ ఎస్ఎల్‌కే దానికి గట్టి జవాబు. స్విచ్ నొక్కి పట్టుకుంటే డిక్కీ మూత వెనక్కి లేస్తుంది, కప్పు రెండుగా మడుచుకుని అందులోకి దిగిపోతుంది, పాతిక సెకన్లలో పని పూర్తి. అందరూ ఆ తెరుచుకోవడాన్నే మెచ్చుకుంటారు గానీ, నా దృష్టిలో అసలు విలువ కప్పు మూసి ఉన్నప్పుడే తెలుస్తుంది. జర్మనీ చలికాలంలో, వానలో, హైవే హోరులో అది మామూలు కూపే. రాత్రి వీధిలో వదిలేసినా గుడ్డ టాప్‌ను ఎవరైనా కోస్తారన్న భయం లేదు.

డిక్కీ సంగతేమిటంటారా? నిజమే, కప్పు దించితే 348 లీటర్ల చోటు 145కి పడిపోతుంది. బరువూ ఎక్కువే. బీఎండబ్ల్యూ జెడ్4 కూడా 2009లో లోహపు కప్పుకి మారి, 2018లో మళ్లీ గుడ్డకే వెళ్లింది. ఆ గుడ్డ టాప్ పది సెకన్లలో తెరుచుకుంటుంది, డిక్కీలో చోటు తగ్గదు. రెండో కారు ఉన్నవాళ్లకి అది చాలు. ఒకే కారుతో ఏడాదంతా గడపాలంటే మాత్రం నా ఓటు లోహానికే.

ఎస్ఎల్‌కే తర్వాత ఎస్ఎల్‌సీగా పేరు మార్చుకుంది, దాని ఉత్పత్తి కూడా 2020లో ఆగిపోయింది. ఇక సెకండ్‌హ్యాండే దిక్కు. కొనేముందు కప్పుని రెండుమూడుసార్లు తెరిచి మూసి చూడండి, రబ్బరు సీళ్లు తడిమి చూడండి. ఇలాంటిది రోజూ నడిపేవాళ్లుంటే కామెంట్లో చెప్పండి.